పెద్దవాళ్లైన దివ్యాంగులతో కార్యక్రమాలు: అనంతపురంలో మేం తరచూ వినే అపోహలు

అనంతపురం చుట్టుపక్కల మండలాల్లో, 18 ఏళ్లు దాటిన దివ్యాంగులతో మా పని. మహిళా సంఘమైనా, గ్రంథాలయమైనా, గుడి కమిటీ అయినా, కలిసి పనిచేద్దామని వెళ్తే ముందు ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: "ర్యాంపు కట్టించాం కదా, ఇంకేం కావాలి?"

వాస్తవం: ర్యాంపు వాలు ముఖ్యం. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలి. మెట్ల పక్కన ఐదారడుగుల్లో సిమెంటు పోసేస్తే వీల్‌చైర్ వెనక్కి ఒరుగుతుంది, సొంతంగా ఎక్కే మాటే ఉండదు. ఎలాగో ఎక్కితే గుమ్మంలో గడప అడ్డం. ఇక బాత్రూమ్. వాడుకునే వీలు లేదని తెలిస్తే చాలామంది ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు ముట్టకుండా వస్తారు, మే నెల ఎండల్లో కూడా. అందుకే హాలు ఖాయం చేసేముందు ఆ ఊళ్లో వీల్‌చైర్ వాడే మనిషినే తీసుకెళ్లి చూపించండి.

అపోహ: కంటికి కనిపిస్తేనే వైకల్యం.

వాస్తవం: 1995 నాటి దివ్యాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. తలసేమియా అనే రక్తవ్యాధి, మానసిక అనారోగ్యం కూడా వాటిలో ఉన్నాయి.

అపోహ: మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్లు ఎన్నేళ్లొచ్చినా పిల్లలే, అమ్మానాన్నలతో మాట్లాడితే చాలు.

వాస్తవం: ముప్పై ఏళ్ల మనిషి చేతికి రంగు పెన్సిళ్లివ్వడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పూలు కట్టడమా, కొట్టులో కూర్చోవడమా? రెండూ చూపించి ఆ మనిషినే అడగండి. పైగా 18 దాటాక తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే చట్టబద్ధ సంరక్షకులైపోరు. అవసరమైతే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో కలెక్టర్‌తో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు ఉంటారు.

అపోహ: స్థానిక దివ్యాంగుల సంఘం పని జనాన్ని ఆటోల్లో ఎక్కించి తీసుకురావడం.

వాస్తవం: అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) చొరవతో ఊళ్లలో దివ్యాంగుల సంఘాలు ఏర్పడ్డాయి. ఒకటో తారీఖు పింఛన్ల రోజు, ఆ రోజు మీటింగ్ పెడితే ఎవరూ ఇల్లు కదలరని ఆ సంఘాల వాళ్లకు తెలుసు. ఏ ఇంట్లో చెవులు వినిపించని కోడలు ఉందో, ఏ బస్సుకు మెట్లు ఎత్తో కూడా తెలుసు. తేదీ ఖాయమయ్యాక పిలిస్తే ఇవన్నీ ఎవరు చెప్తారు? బడ్జెట్ రాసే రోజే పిలవండి. ఆటో ఛార్జీలు, తోడు వచ్చేవాళ్ల భోజనం, సైగల భాష తెలిసిన మనిషికిచ్చే ఫీజు ఆ మొదటి కాగితంలోనే పడతాయి.