సెక్స్ వర్కర్లు, హెచ్‌ఐవీ: విశాఖలో నేను తరచూ వినే అపోహలు

విశాఖలో సెక్స్ వర్కర్ల మధ్య హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల నివారణ పనిలో కౌన్సెలర్‌గా ఉన్నాను. ఈ పని గురించి బయట ఎవరితో మాట్లాడినా ముందు వచ్చే మాట, "పాపం, వాళ్లకి అవగాహన ఉండదు కదా" అని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: అవగాహన లేకే కండోమ్ వాడరు.

వాస్తవం: ఆర్టీసీ కాంప్లెక్స్ వైపైనా, గాజువాక వైపైనా మేం కలిసే ఆడవాళ్లలో చాలామందికి కండోమ్ గురించి మనకంటే బాగా తెలుసు. చీకట్లో ప్యాకెట్‌ని వేళ్లతో నొక్కి, లోపల గాలి ఉందో పోయిందో చెప్పేస్తారు. కస్టమర్‌తో వాడతారు. ఆగిపోయేది ఇంటి గుమ్మం దగ్గర. ఒకామె మా సెంటర్‌లో వారానికి సరిపడా కండోమ్‌లు లెక్కపెట్టి బ్యాగులో సర్దుకుంటుంటే, "మరి ఇంట్లో ఆయనతో?" అని అడిగాను. "ఆయనేటి కస్టమరా మేడమ్?" అంది, నొచ్చుకుని. కండోమ్ పట్టుకెళ్తే ఆయన్ని నమ్మనట్టే అని ఆమె బాధ. ఇంటి అద్దె కట్టేదీ, పిల్లల స్కూల్లో సంతకం పెట్టేదీ ఆ మనిషే అయితే ఆ మాట ఎత్తడం ఇంకా కష్టం. అందుకే ఇంట్లో జబ్బు ఊసెత్తకుండా, "ఇప్పుడు కడుపొస్తే ఇబ్బంది" అంటూ మొదలుపెట్టమని చెబుతాం. తర్వాత ఇద్దరినీ కలిసి పరీక్షకి రమ్మంటాం.

కండోమ్ లేకుండా అయితే ఎక్కువిస్తాననే కస్టమర్, తాగొచ్చి మాట వినని కస్టమర్ సంగతి వేరు. అక్కడ ఒంటరిగా ఉన్న ఆమెకి ఎంత తెలిసినా ఏం లాభం? ఒక చోట పనిచేసే నలుగురూ ఒకే మాట మీద ఉంటే, "నువ్వు కాకపోతే ఇంకొకరు" అనే బెదిరింపు సాగదు. ఆ కట్టు తెచ్చేది అదే వృత్తిలో ఉంటూ తోటివాళ్లకి చెప్పే పీర్ ఎడ్యుకేటర్లు. సుమారు 60 మందికి ఒకరు చొప్పున ఉంటారు. మా పనికి ప్రాణం వాళ్లే.

అపోహ: రెండు కండోమ్‌లు వేస్తే రెట్టింపు రక్షణ.

వాస్తవం: రెండూ ఒరుసుకుని చిరుగుతాయి. ఒక్కటి చాలు. కొబ్బరినూనె, వ్యాజిలైన్ రాస్తే రబ్బరు పాడవుతుంది. నీటితో చేసిన లూబ్రికెంటే వాడాలి.

అపోహ: పని అయ్యాక డెట్టాల్‌తో కడుక్కుంటే ఏ రోగమూ రాదు.

వాస్తవం: ఇది చాలా హాని చేస్తున్న నమ్మకం. డెట్టాల్, సబ్బు, నిమ్మరసం ఏదైనా సరే, యోని లోపల సహజంగా ఉండే మంచి సూక్ష్మజీవుల్ని చంపి, పొరని గాయపరుస్తుంది. ఇన్‌ఫెక్షన్‌కి దారి మనమే తీసినట్టు అవుతుంది. పైన మామూలు నీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది.

అపోహ: బాధేమీ లేదు కాబట్టి జబ్బు లేదు.

వాస్తవం: ఆడవాళ్లలో గనేరియా, క్లమీడియా చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండానే ఉంటాయి. సిఫిలిస్ పుండు నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో మందు లేకుండానే మానిపోతుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. పైగా ఇలాంటి పుండ్లు ఉన్నప్పుడు హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది. అందుకే మూడు నెలలకోసారి వైద్య పరీక్ష, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్ష చేయించుకోమని అంతగా వెంటపడతాం. తెల్లబట్ట అవుతోందని మెడికల్ షాపులో రెండు బిళ్లలు అడిగి వేసుకోవడంతో తేలేది కాదిది. తొలి దశ సిఫిలిస్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కదానితో తగ్గుతుంది. పార్టనర్‌కీ వైద్యం జరగకపోతే మళ్లీ అంటుకుంటుంది.

అపోహ: బ్యాగులో కండోమ్‌లు దొరికితే కేసే.

వాస్తవం: ఈ భయంతోనే కొందరు ఉత్త చేతులతో పనికి వెళతారు. కండోమ్‌లు దగ్గరుంచుకోవడాన్ని నేరంగానూ, నేరానికి సాక్ష్యంగానూ చూడకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. వ్యభిచార వ్యాపారాన్ని అరికట్టే 1956 నాటి చట్టం ప్రకారం బ్రోతల్ నడపడం, బహిరంగంగా కస్టమర్లను పిలవడం నేరాలు. మేజర్ అయిన స్త్రీ తనంతట తాను ఈ వృత్తి చేయడాన్ని ఆ చట్టం నేరమనలేదు. ఈ సంగతి ఆ ఆడవాళ్లతో పాటు వాళ్ల బ్యాగులు వెతికేవాళ్లకీ తెలియాలి.

అపోహ: కండోమ్ చిరిగితే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ఉంది, కానీ టైమ్ ముఖ్యం. 72 గంటల్లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే పెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ఆపే) మందులు మొదలుపెట్టి 28 రోజులు మానకుండా వాడాలి. తెల్లవారనీ, చూద్దాం అనుకోవద్దు. మర్నాడే చేసిన పరీక్షలో నెగటివ్ వచ్చినా అది పాత సంగతే చెబుతుంది, మూడు నెలలకి మళ్లీ చేయించాలి.

అపోహ: పాజిటివ్ వస్తే ఆమె ఇక అందరికీ అంటిస్తుంది.

వాస్తవం: విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి లాంటి చోట్ల ఉన్న ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో మందులు ఉచితం. రోజూ వాడి, వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గి, అలాగే నిలిస్తే లైంగికంగా ఇతరులకి హెచ్‌ఐవీ సోకదు. మిగతా సుఖవ్యాధులు మాత్రం సోకుతాయి కాబట్టి కండోమ్ మానకూడదు. అనుమతి లేకుండా పరీక్ష చేయడాన్నీ, ఫలితం బయటపెట్టడాన్నీ హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌పై వచ్చిన 2017 చట్టం నిషేధించింది.

ఈ పోస్టు చదివే మగవాళ్లకి ఒక మాట. సెక్స్ వర్కర్‌కి వైరస్ చాలావరకు ఎవరో ఒక మగవాడి నుంచే వచ్చి ఉంటుంది. "అక్కడ పరీక్షలు చేస్తున్నారుగా" అని మీరు ఊరుకుంటే, మీ భార్యని పరీక్షించేది ఎవరు? చాలాసార్లు కాన్పు కోసం ఆస్పత్రికి వెళ్లినప్పుడే ఆమెకి మొదటిసారి తెలుస్తోంది. ఐసీటీసీల్లో (ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాల్లో) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.