బ్రోకలీ కోశాక వెంటనే పొయ్యి వెలిగించకండి

పిల్లలూ,

బ్రోకలీ పచ్చిగానే తినాలా, వండితే అందులో మంచి అంతా పోతుందా అని అడిగారు. ఒక్క ముక్కలో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ముందే ఒక మాట, బ్రోకలీ తింటే క్యాన్సర్ రాదని ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మకండి. ప్రయోగశాలలో ఆశ కలిగించే ఫలితాలు చాలానే ఉన్నాయి గానీ, మనుషుల విషయంలో అంత మాట అనేంత రుజువు లేదు. అయినా వండే పద్ధతి తెలుసుకుంటే నష్టమేముంది?

బ్రోకలీ గురించి అందరూ గొప్పగా చెప్పుకునే పదార్థం పేరు సల్ఫోరాఫేన్. తమాషా ఏంటంటే, కోయని బ్రోకలీలో అది దాదాపు ఉండదు. ఉండేది గ్లూకోరాఫనిన్ అనే ముడిసరుకు. దానికి కాస్త ఎడంగా, వేరే కణాల్లో మైరోసినేజ్ అనే ఎంజైమ్, అంటే ఆ ముడిసరుకుని మార్చే ప్రోటీన్, ఉంటుంది. అగ్గిపుల్ల, అగ్గిపెట్టె లాంటివి ఈ రెండూ, దేనికది ఉన్నంతసేపు ఏమీ జరగదు. పురుగు కొరికినా, మీ కత్తి పడినా, మీరు నమిలినా కణాలు చితికి రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది సల్ఫోరాఫేన్. మొక్క ఈ ఏర్పాటంతా మన కోసం చేసుకోలేదు లెండి, తనని తినడానికి వచ్చినవాటిని తరిమేయడానికి చేసుకుంది. ఆవాలు, ముల్లంగి కూడా ఈ కుటుంబమే, కొరికితే ముక్కుకెక్కే ఆ ఘాటు వెనక జరిగేదీ ఇలాంటి పనే. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలలే బృందం సల్ఫోరాఫేన్‌ని బ్రోకలీ నుంచి వేరు చేసి, మన కణాల్లో హానికరమైన పదార్థాల్ని విరిచి బయటకు పంపే ఎంజైములు దీనివల్ల పెరుగుతాయని చూపించింది. ఈ గోలంతా అక్కడి నుంచే మొదలైంది.

ఇప్పుడు వంట సంగతి. ముడిసరుకు వేడికి కొంతవరకు తట్టుకుంటుంది, ఎంజైమే తట్టుకోలేదు. కోసిన వెంటనే మరిగే నీళ్లలో పడేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ముడిసరుకు కొంత, విటమిన్ సి కొంత ఆ నీళ్లలోకి దిగిపోతాయి, ఆ నీళ్లేమో మనం పారబోస్తాం. ఇంతకన్నా దండగ పని ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎంజైమ్ పోయినా మన పేగుల్లోని బ్యాక్టీరియా కొంత పని చేస్తుంది కానీ, అది తక్కువ, పైగా మనిషికీ మనిషికీ తేడా.

అందుకని ముందు పువ్వు మొత్తాన్ని కడిగి, నీళ్లు ఓడ్చాక చిన్న ముక్కలుగా కోసి, నలభై నిమిషాల నుంచి గంటన్నర దాకా అలా వదిలేయండి. ఈలోగా ఎంజైమ్ తన పని చేసుకుపోతుంది, ఆ తర్వాత వేడికి అది చచ్చినా మనకు పెద్దగా టెన్షన్ లేదు. చైనా శాస్త్రవేత్తలు 2018లో ఇదే పరీక్షించారు, కోశాక గంటన్నర ఆగి వేయించిన బ్రోకలీలో, వెంటనే వేయించిన దానికంటే రెండున్నర రెట్లకు పైగా సల్ఫోరాఫేన్ మిగిలింది. కాడల్ని పారేయకండి, పైన పీచు చెక్కేస్తే లోపల లేతగా, తియ్యగా ఉంటాయి.

అంతసేపు ఆగే ఓపిక లేదా? ఆవిరి మీద మూడు నాలుగు నిమిషాలు చాలు. పక్కనే నిలబడి రంగు చూడండి. మొదట మసకగా ఉన్న పచ్చదనం ఒక్కసారిగా మెరుస్తుంది, కాడలో కత్తి మొన దిగుతుంది కానీ కాస్త గట్టిగా తగులుతుంది, అప్పుడే దించేయాలి. ఇంకాసేపు ఉంచితే రంగు మాడినట్టు మారుతుంది, గంధకం వాసన మొదలవుతుంది, ఇక తినమన్నా మీరు తినరు.

పచ్చిదే అన్నిటికన్నా మేలు అనుకుంటారు చాలామంది, అదీ పూర్తిగా నిజం కాదు. పచ్చి బ్రోకలీలో ఇంకో ప్రోటీన్ అడ్డుపడి, ముడిసరుకులో చాలా భాగాన్ని పెద్దగా ఉపయోగం లేని వేరే పదార్థంగా మళ్లిస్తుంది. 60, 70 డిగ్రీల వేడికి ఆ ప్రోటీన్ ముందు దెబ్బతింటుంది, మన ఎంజైమ్ ఇంకా బతికే ఉంటుంది. అందుకే లేత ఆవిరి పచ్చిదాని కన్నా నయం కావచ్చు.

ఫ్రోజెన్ బ్రోకలీ కొంటే, దాన్ని గడ్డకట్టించే ముందే వేడి నీళ్లలోనో ఆవిరిలోనో ముంచి తీస్తారు కాబట్టి ఎంజైమ్ అప్పటికే పోయి ఉంటుంది. దానికో చిట్కా ఉంది, వండి దించి, కాస్త చల్లారాక చిటికెడు పచ్చి ఆవపిండి చల్లండి, అందులో మైరోసినేజ్ దండిగా ఉంటుంది. నూనెలో చిటపటలాడిన ఆవాలు ఇందుకు పనికిరావు.

ఇక బ్రోకలీ గింజల మొలకల దగ్గరికి వద్దాం. తలలే బృందమే 1997లో ప్రకటించింది, మూడు రోజుల మొలకల్లో ముడిసరుకు ఎదిగిన బ్రోకలీ కంటే పది నుంచి వంద రెట్ల దాకా ఉంటుందని. అంటే గుప్పెడు చాలు. మొలకల కోసమే అమ్మే గింజలు తెచ్చుకోండి, పొలంలో చల్లే విత్తనాలకు మందు పట్టించి ఉండొచ్చు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, రోజుకు రెండు మూడుసార్లు కడుగుతూ ఉంటే మూడు నుంచి ఐదు రోజుల్లో తయారు. మధ్యలో వేళ్ల చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తే బూజని కంగారు పడి పారేయకండి, అవి వేళ్లకు వచ్చే సన్నటి కేశాలు, కడగ్గానే అణిగిపోతాయి. జిగురుగా ఉండి, ముక్కిన వాసన వస్తేనే పారేయాలి. తినేటప్పుడు బాగా నమలండి, మింగేస్తే కణాలు చితకవు.

కాకపోతే మొలకలు పెరిగే తడి, వెచ్చదనం సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాకీ ఇష్టమే, మొలకలు చూడ్డానికి బాగానే ఉన్నా జబ్బు తెచ్చే ఆ బ్యాక్టీరియా వాటిలో ఉండొచ్చు. చంటిపిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు, జబ్బుతో నీరసించినవాళ్లకు పచ్చి మొలకలు పెట్టకండి, వాళ్లకి వండిన బ్రోకలీయే పెట్టండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఉంటే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి, రక్తం గడ్డకట్టడానికి సాయపడే విటమిన్ కె బ్రోకలీలో ఎక్కువ.

మీ తాతయ్య