మ్యాథ్స్ ఇంటర్నల్ మార్కులు: గుంటూరు పేరెంట్స్ నన్ను అడిగేవి, నేను చెప్పేవి

గుంటూరులో 14 ఏళ్ల నుంచి సీబీఎస్ఈ స్కూల్లో 9, 10 క్లాసులకి మ్యాథ్స్ చెప్తున్నానండి. జనవరి వచ్చిందంటే ఒకటే ఫోన్లు, మేడమ్ మావాడికి 20కి 20 వేస్తారు కదా అని. ఆ మాట జూన్‌లో అడిగితే ఎంత బాగుంటుందో, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఇంటర్నల్ 20 మార్కులు అందరికీ ఊరికే ఇచ్చేస్తారు.

లేదండి. టెన్త్‌లో 80 మార్కులు బోర్డ్ పేపర్, 20 ఇంటర్నల్. ఆ 20లో పీరియాడిక్ టెస్టులకి 5, మల్టిపుల్ అసెస్‌మెంట్‌కి 5 (క్విజ్, ఓరల్, గ్రూప్ వర్క్ లాంటివి), పోర్ట్‌ఫోలియోకి (ఏడాదంతా పిల్లలు చేసిన వర్క్, నోట్సు) 5, ల్యాబ్ యాక్టివిటీస్‌కి 5. ఇవి ఏడాది పొడుగునా ఐదేసి చొప్పున కూడేవి, ఆఖరి వారంలో కూర్చుని సంపాదించేవి కాదు. స్లిప్ టెస్ట్ రోజు పెళ్లికని తీసుకెళ్లిపోయి, తర్వాత ఆ మార్కు వేయమంటే నేను దేన్ని చూసి వేయాలి చెప్పండి.

అపోహ: ప్రాజెక్ట్ ఎంత గ్రాండ్‌గా ఉంటే అన్ని మార్కులు.

ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. డీటీపీ షాపులో కలర్ ప్రింట్లు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, వందలు వందలు ఖర్చుపెట్టి పంపిస్తారు, తీరా పిల్లని పిలిచి ఈ గ్రాఫ్‌లో ఈ గీత ఎందుకు పైకి వెళ్లిందమ్మా అంటే తల దించుకుని నిలబడుతుంది. ఆ నిలబడ్డం చూడలేనండి, ఆ పిల్ల తప్పేం లేదు అందులో.

ఒక అబ్బాయి సంగతి చెప్తా. కంపాస్ బాక్స్‌లో ప్రొట్రాక్టర్, కూల్‌డ్రింక్ స్ట్రా, దారం, దారం చివర ఇనప నట్టు, అంతే, దాంతో క్లైనోమీటర్ (పైకి చూసే కోణం కొలిచేది) చేసుకుని స్కూల్లో వాటర్ ట్యాంక్ ఎత్తు కొలిచాడు. ట్యాంక్ మొదలు నుంచి 12 మీటర్లు టేపుతో కొలిచి నిలబడ్డాడు, స్ట్రాలోంచి ట్యాంక్ పైఅంచు చూస్తే దారం 50 మీద ఆగింది, 90లోంచి తీసేస్తే కోణం 40 డిగ్రీలు. ట్యాన్ 40 అంటే 0.839, దాన్ని 12తో గుణిస్తే 10.07 మీటర్లు. వెళ్లి ప్లంబర్‌ని అడిగితే పైదాకా 38 అడుగులు బాబూ అన్నాడంట, అంటే 11.58 మీటర్లు. మీటరున్నర తేడా! వాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదంట, పొద్దున్నే వచ్చి మేడమ్ నేను నేల మీద నుంచి చూడలేదు కదా, నా కంటి దగ్గర నుంచి కదా చూసింది అన్నాడు. కంటి ఎత్తు 1.42 కలిపాడు, 11.49 వచ్చింది. మిగిలిన 9 సెంటీమీటర్ల తేడాకి కూడా కారణం రాశాడు, ఒక్క డిగ్రీ చదవడంలో తప్పితే ఎత్తు 36 సెంటీమీటర్లు మారిపోతుందని ట్యాన్ 41తో లెక్కేసి మరీ చూపించాడు. మామూలు తెల్లకాగితాలు, రెండు చోట్ల కొట్టివేతలు, ఫుల్ మార్కులు వేశా.

ఇంకో అమ్మాయి వాళ్ల నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో పనిచేస్తారు, 30 టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు కాటా దగ్గర రాసుకొచ్చి మీన్, మీడియన్ చేసింది. ప్రాజెక్ట్ అంటే అదేనండి, మన చుట్టూ ఉన్నదాన్ని లెక్కలోకి తేవడం.

అపోహ: ఆన్సర్ కరెక్టయితే చాలు, స్టెప్పులు దండగ.

స్టెప్పులకే మార్కులు, బోర్డ్ వాల్యుయేషన్‌లోనూ అంతే. పైగా స్టెప్పు లేకపోతే తప్పెక్కడుందో పిల్లలకే తెలీదు. ఎక్స్ స్క్వేర్ ఈజీక్వల్టు 7 ఎక్స్ అని ఇస్తే చాలామంది రెండు వైపులా ఎక్స్ కొట్టేసి 7 అని రాసేస్తారు, మేడమ్ 7 కరెక్టే కదా అంటారు. కరెక్టే నాన్నా, కానీ సున్నా ఏమైంది? ఎక్స్‌తో భాగించేటప్పుడు అది సున్నా కాకూడదు, అలా కొట్టేయడంతోనే ఒక సమాధానం పోయింది. అంతా ఒక పక్కకి తెచ్చి ఎక్స్ కామన్ తీస్తే 0, 7 రెండూ వస్తాయి. అలాగే త్రిభుజాలు సిమిలర్ అని రాసి ఊరుకోకండి, ఏఏ (రెండు కోణాలు సమానం) వల్లనా, ఎస్ఏఎస్ (రెండు భుజాల నిష్పత్తి, మధ్య కోణం సమానం) వల్లనా అన్నది కూడా రాయాలి.

అపోహ: ఒక్క టెస్ట్ పోతే ఇంక అయిపోయినట్టే.

మూడు పీరియాడిక్ టెస్టుల్లో బాగా వచ్చిన రెండింటి సగటే తీసుకుంటారు. మొదటిది పోయిందని ఏడిపించకండి పిల్లల్ని.

అపోహ: 91 దాటితే ఏ1 (అన్నిటికన్నా పై గ్రేడ్) గ్యారంటీ.

స్కూల్ ప్రోగ్రెస్ కార్డులో అంతే ఉంటుంది గానీ బోర్డ్‌లో అలా కాదు. ఆ సబ్జెక్ట్‌లో పాసైన వాళ్లందర్నీ మార్కుల వరసలో పెట్టి పైనున్న ఎనిమిదో వంతుకి ఏ1 ఇస్తారు. అందుకే గీత ఏటా ఒక చోట ఉండదు, ఒక్కో మార్కు అక్కడ చాలా లెక్క.

టెన్త్ మ్యాథ్స్‌లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాల పేపర్లు ఉంటాయి కదా, బేసిక్ తీసుకుంటే సిలబస్ తక్కువ అనేది కూడా తప్పు, సిలబస్ ఒకటే, పేపర్ కష్టమే తేడా.

చివరిగా పోర్ట్‌ఫోలియో. వైట్‌నర్ పెట్టి తప్పులన్నీ కప్పేసి, రాత్రంతా కూర్చుని కొత్త నోట్సు కాపీ చేయించే అమ్మలున్నారు. వద్దమ్మా. నేను వెతికేదే ఆ తప్పులు. రెడ్ పెన్ను పడిన లెక్క పక్కన తేదీ వేసి, ఎక్కడ తప్పానో ఒక్క లైన్ రాసి, మళ్లీ చేసి ఉందా లేదా అన్నదే చూస్తా. ఈ ఆదివారం మీవాడి నోట్సు తీసి రెడ్ పెన్ను ఉన్న పేజీలు మాత్రం తిప్పండి, పక్కన ఏం లేకపోతే ముందు ఆ మూడు నాలుగు లెక్కలు మళ్లీ చేయించండి, కొత్త చాప్టర్ సంగతి తర్వాత చూద్దాం.