షుగర్ ఉన్న సన్నని మనిషి ఒళ్లు చేయాలంటే

మా పెదనాన్న బెల్టుకు షాపులో కొన్నప్పుడు ఉన్న రంధ్రాలు ఐదు. ఆ తర్వాత ఆయనే మేకు కాల్చి పెట్టుకున్నవి మూడు. రామంతాపూర్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడు తలుపు వెనక వేలాడుతున్న ఆ బెల్టు చూశాకే ఆయన ఎంత చిక్కిపోయారో నాకు అర్థమైంది. షుగర్ బయటపడి ఏడాదిన్నర. 5 అడుగుల 6 అంగుళాల మనిషి 61 కిలోల నుంచి 50కి దిగిపోయారు. ఆ ఎత్తుకు 50 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క, 18 కూడా లేదు. 18.5 కంటే తక్కువుంటే బరువు చాలనట్టే లెక్క.

"షుగర్ ఉన్నవాళ్లు తగ్గితే మంచిదే కదా" అని వాకింగ్‌లో తోటివాళ్లు మెచ్చుకున్నారట. పెదమ్మ మాత్రం "మెడ కింద గుంటలు పడ్డాయిరా, నాకు భయమేస్తోంది" అంది. పెదమ్మ చూసిందే నిజం.

షుగర్ అనగానే మనకు తెలిసిన సలహాలన్నీ లావుగా ఉన్నవాళ్లకు సరిపోయేవి. అన్నం తగ్గించు, నెయ్యి మానెయ్, రోజూ గంట నడువు. బక్కపలచని మనిషి అవే తు.చ. తప్పకుండా పాటిస్తే షుగర్ కాస్త తగ్గొచ్చు, దాంతోపాటు కండా పోతుంది. పెదనాన్నకు జరిగింది అదే.

ఇన్సులిన్ అంటే రక్తంలో చక్కెర తగ్గించేది అనుకుంటాం. నిజానికి అది ఒంటిని కట్టే హార్మోన్. చక్కెరను కండరాల్లోకి పంపేది, కొవ్వును దాచేది, కండలోని ప్రొటీన్ విరిగిపోకుండా కాపాడేది అదే. అది చాలకపోతే తిన్నది రక్తంలోనే తిరుగుతుంది, కణాలకు అందదు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు పట్టుకోలేక బయటికి వదిలేస్తాయి. రోజుకు 50 గ్రాముల చక్కెర అలా పోయిందనుకోండి, అది 200 కేలరీలు. ఒక కప్పు అన్నం తిని పారబోసినట్టే. నెలకు 6,000 కేలరీలు, అంటే దగ్గర దగ్గర ముప్పావు కిలో బరువు. ఆకలితో ఉన్న కణాల కోసం ఒళ్లు తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. కడుపు నిండా తింటున్నా చిక్కిపోవడం అందుకే.

ఇన్సులిన్ రాకముందు షుగర్‌కు వైద్యమంటే పస్తులే. పిల్లలను రోజుకు కొన్ని వందల కేలరీలతో బతికించేవారు. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ ఇంజెక్షన్ అందుకున్న 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్ బరువు అప్పటికి 30 కిలోలు కూడా లేదు. ఆ రోజుల్లో ఇన్సులిన్ మొదలుపెట్టిన పిల్లలకు కొన్ని నెలల్లోనే బుగ్గలొచ్చిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. "సూది పడితే లావైపోతాం" అని మనవాళ్లు భయపడతారు చూడండి, ఆ భయం వెనకున్న నిజం ఇదే. చిక్కిపోయిన మనిషికి అది భయపడాల్సిన విషయం కాదు, కావాల్సిన విషయం.

అందుకే ఒళ్లు చేయడానికి మొదటి మెట్టు తిండి కాదు, కారణం తెలుసుకోవడం. చూస్తుండగానే చిక్కిపోతుంటే డాక్టరును మూడు సంగతులు అడగాలి. షుగర్ అదుపులో ఉందా, మూడు నెలల సగటు ఎంత? వేరే జబ్బేమైనా ఉందా? షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా చిక్కిపోతారు. ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ గ్రంథిలో తేడా ఉన్నా అంతే. వేసుకునే మందుల వల్లా? డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రం ద్వారా చక్కెరను పంపించే పని చేస్తాయి. సెమాగ్లుటైడ్ లాంటివి ఆకలి తగ్గిస్తాయి. లావు మనిషికి వరంలాంటి మందు సన్నని మనిషికి సరిపడకపోవచ్చు. అలాగని ఎవరికి వారు ఆపేయకూడదు, కొందరికి గుండె కోసం, కిడ్నీల కోసం రాస్తారు. పెదనాన్నకు పరీక్షలన్నీ చేసి ఒక మాత్ర మార్చారు, రాత్రిపూట కొద్దిగా ఇన్సులిన్ మొదలుపెట్టారు.

తర్వాత నేను, పెదమ్మ కూర్చుని ఆయన తిండి లెక్క వేశాం. ఇక్కడే నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఇదివరకు రోజుకు 350 గ్రాముల బియ్యం అన్నం తినేవారు. షుగర్ వచ్చాక 150కి దించారు, రాత్రి రెండు పుల్కాలు. తగ్గిన 200 గ్రాముల బియ్యంలో 700 కేలరీలున్నాయి. పుల్కాలతో వచ్చినవి ఏ 200. మిగతా 500 ఎక్కడా పూడలేదు. ఇంకో సంగతి, బియ్యంలో నూటికి ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మన ఇళ్లలో పప్పు పలచన, కూర కొంచెం, అన్నం ఎక్కువ కాబట్టి ప్రొటీన్ కూడా చాలావరకు అన్నం నుంచే వచ్చేది. అన్నం తగ్గించాలన్నది సరైన మాటే. తగ్గించిన చోట ఏం పెట్టాలో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన ఇంటికి దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఏ పప్పులో ఎంత ప్రొటీన్, ఏ గింజలో ఎంత కొవ్వు అని దేశమంతా చూసుకునే పట్టికలు అక్కడ తయారైనవే. ఆ సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. కండ తిరిగి పెంచుకోవాల్సిన పెద్ద వయసువాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు మేలంటారు. 50 కిలోల మనిషికి 50, 60 గ్రాములన్నమాట. కిడ్నీ దెబ్బతింటే ఈ లెక్క మారుతుంది, కిడ్నీల పనితీరు చెప్పే పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూశాకే పెంచాలి.

మేం చేసింది పెద్దదేమీ కాదు. పదకొండింటికి గుప్పెడు, అంటే 30 గ్రాముల వేయించిన వేరుశెనగలు. టిఫిన్‌తో ఒక ఉడికించిన గుడ్డు. పడుకునే ముందు గ్లాసు పాలు, చక్కెర లేకుండా. మూడూ కలిపి 350 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. పిండిపదార్థం చాలా కొంచెం, కాబట్టి షుగర్ ఎగబాకదు. ఇడ్లీకి బదులు వారంలో మూడు రోజులు పెసరట్టు, దాని మీదికి కొబ్బరి చట్నీకి బదులు పల్లీ చట్నీ. పప్పు పలచగా కాకుండా ముద్దపప్పులా. ఒక చెంచా నెయ్యి తిరిగొచ్చినందుకు పెదనాన్న ముఖం వెలిగిపోయింది. తినే వరుస కూడా మార్చాం. ముందు కూర, పప్పు, ఆ తర్వాత అన్నం. ఆ ఒక్క మార్పుతోనే భోజనం తర్వాత షుగర్ తక్కువ పెరుగుతుంది.

బరువు పెరగాలని ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, అరటిపండు మిల్క్‌షేక్‌లు మొదలుపెట్టేవాళ్లను చూశాను. షుగర్ పెరిగి, ఆ తిన్నది మళ్లీ మూత్రంలోకే పోతుంది. బరువు పెంచుతాయని అమ్మే చాలా పౌడర్లలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అది గ్లూకోజుకు దగ్గరి చుట్టం. రాగి జావ, కొర్రలు మంచివే, కానీ వాటిలోనూ నూటికి 60, 70 గ్రాములు పిండిపదార్థమే. గ్లాసుల కొద్దీ జావ తాగితే షుగర్ లెక్కలోకి రాదనుకోవడం పొరపాటు. రంజాన్ నెలలో హలీమ్ తినొచ్చా అని పెదనాన్న అడిగారు. మాంసం, పప్పు, గోధుమ, నెయ్యి కలిసిన వంటకం అది. చిన్న కప్పు తినండి, ఆ పూట అన్నం వద్దు అన్నాను.

తిన్నది పొట్టకు పోకుండా కండకు పోవాలంటే కండకు పని కావాలి. మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్ తన ఫొటో, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఫొటో పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే కొవ్వు మోసే ఒళ్లు మనవి. ఉత్తినే తిని బరువు పెంచితే నడుము దగ్గరే చేరుతుంది, షుగర్ ఇంకా మొండికేస్తుంది. అదే కండ పెరిగితే లాభం రెండు రకాలు. భోజనం తర్వాత చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండరమే. పైగా పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ లేకపోయినా చక్కెరను లోపలికి తీసుకోగలదు.

అందుకని గంట నడకను అరగంట చేశాం. మిగతా టైములో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడను నెట్టడం, లీటరు నీళ్ల సీసాలు ఎత్తడం, వారానికి మూడు రోజులు. కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు, అందుకే ముందు కళ్లు చూపించాం. ఇన్సులిన్ వేసుకుంటారు కాబట్టి జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, షుగర్ 70 కంటే తగ్గితే అప్పటికప్పుడు వేసుకోవడానికి.

మొదటిరోజు కుర్చీలోంచి ఆరుసార్లు లేచేసరికి ఆయాసపడ్డారు. ఐదు నెలలైంది. ఇప్పుడు పద్నాలుగు. ప్రతి ఆదివారం పొద్దున్నే, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద బరువు చూస్తారు. పెదమ్మ టైలర్ టేపుతో నడుము కొలిచి క్యాలెండర్ మీద రెండూ రాస్తుంది. మొన్న ఆదివారం రాసింది ఫోన్‌లో చదివి వినిపించింది: బరువు 54, నడుము అర అంగుళం పెరిగింది. "ఆ అర అంగుళం ఎందుకు పెరిగిందో కనుక్కోరా" అని అడుగుతోంది.