టార్చి పట్టిన వాడికే కనబడే కళ్ళు

దేవరకొండ వైపు యాసంగి పల్లి వేసుకొని, రాత్రిళ్ళు చేను కావలి కాసే ఒక పాఠకుడు మూడు సందేహాలను కలిపి ఒకే ప్రశ్నగా పంపించారు. టార్చి వేసినప్పుడు కుక్కల కళ్ళూ నక్కల కళ్ళూ నిప్పు కణికల్లా మెరుస్తాయి గాని, చేనును అసలు నాశనం చేసే అడవి పందుల కళ్ళు ఎందుకు అట్లా మెరవవు? తనకు స్పష్టంగా కనిపించిన మెరుపు, పది అడుగుల అవతల నిలబడిన తన బావకు ఎందుకు కనిపించలేదు? పెద్దలు చెప్పే కొరివి దయ్యాలకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? మూడూ మంచి ప్రశ్నలే గాని, బావగారి ప్రశ్న వీటిలో రాజు. దాని ముడి విప్పితే మిగిలిన రెండూ సగం విడిపోతాయి.

జంతువు కన్ను తనంతట తాను వెలగదు. బెనెడిక్ట్ ప్రెవో అనే శాస్త్రజ్ఞుడు 1810లోనే, పూర్తి చీకటిలో ఏ జంతువు కన్నూ మెరవదని, బయటి నుంచి పడిన వెలుతురే తిరిగి వస్తోందని తేల్చి చెప్పాడు. అంతకు ముందు చదువుకున్నవాళ్ళు కూడా కోపం వస్తేనో, ఆకలి వేస్తేనో పిల్లి తన కళ్ళను వెలిగించుకుంటుందని నమ్మేవారు. అర్ధరాత్రి లాంతరు పట్టుకొని పొలం గట్టున పోతున్న మనిషికి నేలకు రెండడుగుల ఎత్తులో రెండు నిప్పులు కనిపించి, తాను పక్కకు జరగగానే మాయమై, మళ్ళీ లాంతరు ఎత్తగానే ప్రత్యక్షమైతే, ఆయన దాన్ని దయ్యం అనుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే వేరు. ఊళ్ళలో వినిపించే కొరివి దయ్యాల కథలన్నీ కళ్ళ మెరుపుతోనే పుట్టాయని నేను అనను గాని, వాటిలో కొన్నింటికి నక్కలూ అడవి పిల్లులూ కారణమై ఉంటాయని ధైర్యంగా ఊహించవచ్చు.

ఇక బావగారి సంగతి. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా హైవే మీద రాత్రిపూట ప్రయాణం చేసేవాళ్ళు, కరెంటు లేకుండానే దూరం నుంచి తెల్లగా వెలిగే బోర్డులనూ, తారు మీద మెరిసే చిన్న బిళ్ళలనూ రోజూ చూస్తారు. ఇంగ్లండులో పెర్సీ షా అనే ఆయన ఇలాంటి బిళ్ళలకు 1934లో పేటెంటు తీసుకుని, వాటికి ‘పిల్లి కళ్ళు’ అనే పేరే పెట్టాడు. అద్దం మీద ఏటవాలుగా పడిన వెలుతురు అవతలి వైపుకు పోతుంది. ఈ బోర్డు మాత్రం ఏ దిక్కు నుంచి వెలుతురు వస్తే ఆ దిక్కుకే దాన్ని తిప్పి పంపుతుంది. అందుకే మన బండి దీపాల వెలుగు మనకే తిరిగి వస్తుంది, రోడ్డు పక్కన నిలబడిన మనిషికి మాత్రం అదే బోర్డు చీకటిగా ఉంటుంది. ఆ మనిషే మన బావగారు.

ఈ పని చేయడానికి కొన్ని రకాల బోర్డుల మీదా, రోడ్డు గీతల రంగులోనూ సన్నని గాజు పూసలు ఉంటాయి. పూస ముందు తలం వెలుతురును వంచి ఒక బిందువు దగ్గరికి చేరుస్తుంది. ఆ బిందువు దగ్గర ప్రతిఫలించే పూత ఉంటే, అక్కడ బయలుదేరిన వెలుతురు అదే తలం గుండా, అదే వంపుతో, వచ్చిన దారినే బయటికి పోతుంది. ఇక్కడ కొంచెం లెక్క అవసరం. ఒక పదార్థం వెలుతురును ఎంతగా వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. గోళానికి అది 2 అయితే సమాంతర కిరణాలు సరిగ్గా దాని వెనుక తలం మీదే కలుస్తాయి. మామూలు గాజుకు గుణకం దాదాపు 1.5 కాబట్టి, అవి పూస దాటి మరో సగం వ్యాసార్ధం దూరంలో కలుస్తాయి; అందుకే మెరుపు ఎక్కువ కావాలంటే 1.9 గుణకం ఉన్న ప్రత్యేకమైన గాజు వాడతారు. మరి కన్ను నిండా ఉన్నది నీటి వంటి ద్రవం, దాని గుణకం సుమారు 1.34 మాత్రమే. ఒట్టి నీటి గోళమే అయితే కిరణాలు దాని వెనుక ఒక పూర్తి వ్యాసార్ధం దూరాన కలుస్తాయి, అంటే కంటికి పనికిరాదు. ప్రకృతి దీనికి రెండు ఉపాయాలు చేసింది. కనుగుడ్డు కంటే ఎక్కువ వంపు ఉన్న కార్నియా అనే పారదర్శకమైన పొరను ముందు అతికించింది: మనిషి కార్నియా వంపు వ్యాసార్ధం దాదాపు 7.8 మిల్లీమీటర్లు, అది ఒక్కటే ఉంటే కిరణాలు దాని వెనుక 31 మిల్లీమీటర్ల దూరంలో కలిసేవి. మన కన్ను పొడవు 24 మిల్లీమీటర్లే కాబట్టి ఆ మిగులును తగ్గించడానికి లోపల ఒక కటకాన్ని కూడా పెట్టింది. చూడటానికి అవసరమైన ఏర్పాటే ఇది. కాని కంటి వెనుక గోడకు ఉండే, కాంతిని పట్టే పొర అయిన రెటీనా మీద బింబం స్పష్టంగా పడే ఏ కన్నైనా, వద్దన్నా సరే, హైవే బోర్డులాగా వెలుతురును వచ్చిన దారికే పంపిస్తుంది.

తిరిగి వచ్చే ఆ వెలుతురు పూర్తిగా ఒకే గీతలా రాదు, సన్నని శంకువులా కాస్త విచ్చుకొని వస్తుంది. టార్చిని నడుము దగ్గర పట్టుకుంటే అది కంటికి దాదాపు 60 సెంటీమీటర్ల కిందికి ఉంటుంది. 60 మీటర్ల దూరంలో ఉన్న నక్క దగ్గరి నుంచి చూస్తే, టార్చికీ మన కంటికీ మధ్య కోణం అర డిగ్రీకి కొద్దిగా ఎక్కువ. ఆ శంకువులో మన కన్ను పడుతుంది కాబట్టి మెరుపు కనిపిస్తుంది. అదే నడుము టార్చితో 10 మీటర్ల దూరంలోని జీవిని చూస్తే కోణం 3.4 డిగ్రీలకు పెరిగి, మెరుపు బాగా తగ్గిపోతుంది. 40 మీటర్ల దూరంలోని కుక్కను చూసేటప్పుడు పది అడుగులు పక్కన ఉన్న బావగారి కోణం 4 డిగ్రీలు దాటుతుంది, కనుక ఆయన వాటాకు ఏమీ మిగలదు. లారీ డ్రైవర్లకు కూడా ఇదే చిక్కు: వాళ్ళు తమ దీపాలకు చాలా ఎత్తున కూర్చుంటారు కాబట్టి, ఒకే బోర్డు కారు నడిపేవాళ్ళ కంటే వాళ్ళకు మసకగా కనిపిస్తుంది. పరిష్కారం సులభం. చిన్న టార్చిని కణతకు ఆనించి పట్టుకుంటే కంటికీ దీపానికీ దూరం 5 సెంటీమీటర్లే అవుతుంది. అప్పుడు 5 మీటర్లలో ఉన్న చిన్న జీవికి కూడా, నడుము టార్చికి 60 మీటర్ల నక్క ఇచ్చిన కోణమే వస్తుంది. పాతకాలపు వేటగాళ్ళు బ్యాటరీ లైటును నుదుటికి కట్టుకునేది చేతులు ఖాళీగా ఉండటానికే అనుకుంటాం గాని, ఈ జ్యామితి కూడా అందులో ఉంది. బడిలో పదో తరగతి పిల్లలకు కిరణ చిత్రాలు బోర్డు మీద గీయించి, కొలతలు వేయించి, పరీక్ష పెట్టి వదిలేస్తాం. ఒక టార్చిని ఒకసారి నడుము దగ్గరా, మరోసారి కణత దగ్గరా పట్టించి బడి ఆవరణలోని మేకను చూపిస్తే ఆ పాఠం జీవితాంతం మరిచిపోరు.

మన ఎదుటి మనిషి కనుపాప నల్లగా కనిపించడానికి కారణం కూడా ఇదే. లోపలి నుంచి తిరిగి వచ్చే కొద్దిపాటి వెలుతురు దీపం వైపుకే పోతుంది, దాన్ని చూడాలంటే మన తల దీపం ఉన్న చోటే ఉండాలి, అలా ఉంటే తల దీపానికి అడ్డం వస్తుంది. 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ ఏటవాలుగా పెట్టిన గాజు పలకతో ఈ అడ్డును తప్పించి, బతికి ఉన్న మనిషి రెటీనాను చూపించే పరికరాన్ని లోకానికి అందించాడు. కంటి డాక్టర్లు నేటికీ ఆ సూత్రాన్నే వాడుతున్నారు. ఫ్లాష్ ఫోటోల్లో మన కళ్ళు ఎర్రగా పడటం రెటీనా వెనుక ఉన్న రక్తనాళాల రంగు. దారి తప్పినా ఒక్క మాట చెప్పాలి: పసిపిల్లల ఫోటోల్లో ఒక కన్ను ఎర్రగా కాకుండా పదేపదే తెల్లగా పడుతుంటే, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరుకు అది గుర్తు కావచ్చు కాబట్టి, దిష్టి తీయించడంతో ఆగకుండా వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి.

కుక్క కంటిలో మనకు లేనిది టపీటం అనే పొర. రెటీనాను దాటి వృథాగా పోయే వెలుతురును ఇది వెనక్కి కొట్టి, కాంతిని పట్టే కణాలకు రెండో అవకాశం ఇస్తుంది. ఆవు, మేక, దుప్పి వంటి మేసే జంతువుల్లో ఇది ఒక క్రమంలో పేర్చుకున్న సన్నని కొల్లాజన్ పోగులతో తయారవుతుంది. కుక్క, పిల్లి జాతుల్లో మెరిసే సూక్ష్మ కణికలతో నిండిన కణాల వరుసలు ఉంటాయి, కుక్కల్లో ఆ కణికల్లో జింకు ఉంటుంది. రంగు అద్దకం వల్ల వచ్చింది కాదు, పోగుల మధ్య ఎడం ఏ తరంగదైర్ఘ్యానికి సరిపోతే ఆ రంగు బలంగా తిరిగి వస్తుంది. ఆర్కిటిక్ రెయిన్‌డీర్ల టపీటం ఎండాకాలంలో బంగారు రంగులో ఉండి, నెలల తరబడి చీకటి ఉండే చలికాలంలో ఆ ఎడం తగ్గి నీలానికి మారుతుంది. మన దగ్గర కూడా చూసే కోణాన్ని బట్టి ఒకే మేక కన్ను నీలంగానూ ఆకుపచ్చగానూ కనిపిస్తుంది, కాబట్టి రంగును మాత్రమే చూసి జంతువు పేరు చెప్పేవాళ్ళను నేను నమ్మను. కళ్ళ మధ్య దూరం, నేల నుంచి ఎత్తు, కదలిక తీరు చూసి చెప్పడమే మేలు. మరో ముచ్చట: చాలా జంతువుల్లో టపీటం కంటి వెనుక గోడ పై సగంలోనే ఉంటుంది. బింబం తలకిందులుగా పడుతుంది కాబట్టి, చీకటిగా ఉండే నేల బింబం పడేది ఆ పై సగం మీదే.

ఈ లాభానికి ఖర్చు కూడా ఉంది. వెనక్కి వచ్చిన వెలుతురు సరిగ్గా అదే కణం మీద పడకుండా పక్కకు చెదిరి, బింబం కొంత మసకబారుతుంది. పగటిపూట సూక్ష్మంగా చూడవలసిన ఉడుతకూ, కోతికీ, మనకూ ఆ పొర లేకపోవడం అందుకే కావచ్చు. పందికి కూడా అది లేదు. రాత్రంతా తిరిగే జంతువే అయినా అది బతికేది ముక్కు మీద. కాబట్టి పల్లి చేనులో టార్చి తిప్పినప్పుడు ఏ కన్నూ మెరవలేదంటే పందులు లేవని అర్థం కాదు. మహా అయితే మందమైన ఎరుపు కనిపిస్తుంది. పెళ్ళగించిన మట్టి, మూలుగు, కాయ కొరికే చప్పుడు ఇంతకంటే నమ్మదగిన గుర్తులు. కుందేలు జాతిదీ ఇదే కథ, మెరుపు తక్కువ. గుడ్లగూబ కళ్ళు అంత పెద్దవైనా వాటిలో టపీటం లేదు, మట్టి బాటల మీద కూర్చొని పురుగులు పట్టే నైట్‌జార్ పక్షికి మాత్రం ఉంది.

ఇంటి దగ్గరే మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నక్కల కోసం వెతకనక్కర లేదు. వానలు వెనకబట్టిన తరువాత, పొడి గట్టు మీద గానీ గుట్ట కింద పడావు భూమిలో గానీ టార్చిని కణతకు ఆనించి నెమ్మదిగా తిప్పితే, గడ్డి మొదళ్ళలో నీలం కలిసిన ఆకుపచ్చ చుక్కలు సూదిమొనంత సన్నగా వెలుగుతాయి. చూపు కదపకుండా వాటి దగ్గరికి నడిచి వంగి చూస్తే, వల కట్టకుండా నేల మీద పరుగెత్తి వేటాడే తోడేలు సాలీడు కనిపిస్తుంది. ముందు వరుసలో నాలుగు చిన్న కళ్ళు, వాటి పైన రెండు పెద్ద కళ్ళు, ఇంకా వెనక్కి మరో రెండు. టపీటం ఉన్న వెనుక కళ్ళే దూరానికి మెరిసేవి. ఒక్కొక్కసారి ఆ మెరుపు ఒక ముద్దలా ఉంటుంది: అది వీపు మీద పిల్లలను మోస్తున్న తల్లి, పిల్లల కళ్ళు కూడా కలిసి వెలుగుతుంటాయి. మంచు బిందువులు కూడా టార్చికి మెరుస్తాయి గాని అవి తెల్లగా, గడ్డి కొసలకు ఉంటాయి. అదే మంచు మీద పొద్దున్నే ఎండలో నిలబడి వరి పొలంలో పడిన మీ నీడను చూసుకుంటే, మీ తల నీడ చుట్టూ మాత్రమే ఒక కాంతి వలయం కనిపిస్తుంది, పక్కవాడి తల చుట్టూ కనిపించదు. పదహారో శతాబ్దపు ఇటలీ శిల్పి బెన్వెనుతో చెల్లినీ దీన్ని తనకే దక్కిన దైవానుగ్రహంగా భావించాడు. పక్కవాడు కూడా తన గురించి అట్లాగే అనుకుంటూ ఉండి ఉంటాడని ఆయనకు తోచలేదు.

తేళ్ళ సంగతి వేరు. అతినీలలోహిత టార్చి వేస్తే తేలు ఒళ్ళంతా నీలి ఆకుపచ్చగా వెలుగుతుంది, అయితే అది ప్రతిదీప్తి, అంటే తేలు చర్మంలోని పదార్థాలే వెలుతురును పీల్చుకొని కొత్త వెలుతురును అన్ని దిక్కులకూ విడుస్తాయి. దాన్ని ఎవరు ఎక్కడ నిలబడి చూసినా కనిపిస్తుంది.

కళ్ళ మెరుపు పరిశోధకులకు కూడా పనిముట్టే. నదుల్లో మొసళ్ళను లెక్కపెట్టేవాళ్ళు రాత్రి పడవలో వెళ్ళి, నీటి మట్టానికి మెరిసే ఎర్రని కళ్ళను లెక్కిస్తారు. వేటకు మాత్రం దీన్ని వాడకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం కూడా వేట కిందికే వస్తాయి. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో సొంతంగా రాత్రి సంచారం కుదరదు, అవసరమూ లేదు. ఇంటి దగ్గర చూసేటప్పుడు కూడా బలమైన లైటును ఒకే జంతువు కళ్ళలో నిలిపి ఉంచవద్దు. చీకటికి అలవాటు పడిన కన్ను మళ్ళీ ఆ స్థితికి రావడానికి మనుషుల్లోనైతే అరగంట దాకా పడుతుంది. ఆ కాసేపు కుందేలు నక్కను చూడలేదు, రోడ్డు మీది బండినీ చూడలేదు.

దూరపు మెరుపుల మీద దృష్టి పెట్టినవాళ్ళు కాళ్ళ కింద చూసుకోవడం మరిచిపోతారు, పాము కన్ను మెరిసి హెచ్చరిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కట్లపాము, చిన్నపింజర, రక్తపింజర ఈ ప్రాంతంలో రాత్రిపూట తిరిగేవే. చీలమండలు దాటే బూట్లు వేసుకోండి, నేలను చూడటానికి చేతిలో రెండో టార్చి ఉంచుకోండి, ఒంటరిగా వెళ్ళకండి. కాటు పడితే మంత్రగాడి కోసం గాని, పసరు కోసం గాని ఆగవద్దు: ఈ మూడింటితో పాటు నాగుపాము విషానికి కూడా పనిచేసే ఒకే మందు ఉంది, అది దొరికేది ఆసుపత్రిలోనే. కాబట్టి బయలుదేరే ముందే, ఆ మందు రాత్రిపూట కూడా ఇచ్చే ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో కనుక్కొని పెట్టుకోండి.