మసి మీద మనవాళ్ళ అపోహలు: గాలి ఫిల్టర్లు మార్చేవాడి మాట

నా పని వినడానికి చాలా చిన్నది. శ్రీకాకుళం, విజయనగరంలో మేడల మీద పెట్టిన గాలి శాంప్లర్లలో ఫిల్టర్లు మార్చడం, ల్యాబ్‌కి తెచ్చి తూచడం. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి రేణువులు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వాటిని పట్టే మెషీన్‌లో పెట్టే ఫిల్టర్ 47 మిల్లీమీటర్ల తెల్లటి బిళ్ళ. మెషీను గంటకి ఒక ఘనపు మీటరు చొప్పున రోజంతా 24 ఘనపు మీటర్ల గాలి దానిగుండా లాగుతుంది. మర్నాడు తీసి చూస్తే ఒకరోజు మట్టిరంగు, ఒకరోజు బూడిదరంగు, చలికాలంలో కొన్ని రోజులు ఏకంగా కాటుక పూసినట్టు ఉంటుంది. విచిత్రం ఏంటంటే మట్టిరంగుదీ కాటుకరంగుదీ బరువు ఒక్కోసారి ఒకటే వస్తుంది. రిపోర్టులోకి బరువు ఎక్కుతుంది, రంగు ఎక్కదు. ఈ పోస్టు ఆ రంగు గురించే. పెట్టె మోసుకుంటూ మెట్లెక్కుతుంటే జనం అడిగేవీ, నాకే ఎదురు చెప్పేవీ కొన్ని ఉన్నాయి, అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: దుమ్ము, బూడిద, మసి అన్నీ ఒకటే, అంతా కాలుష్యమే.

కాదు. దుమ్ము అంటే నేల. బూడిద అంటే అంతా కాలిపోయాక మిగిలిన ఖనిజం. మసి అంటే మంటకి గాలి చాలక కాలకుండా మిగిలిపోయిన కార్బన్. మన ఇళ్ళల్లో కాటుక ఎలా పట్టేవారో గుర్తుందా, ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లిస్తే తెల్లారేసరికి నల్లగా పేరుకునేది. సరిగ్గా అదే పదార్థం సైలెన్సర్ నుంచీ, కట్టెల పొయ్యి నుంచీ, చెత్తకుప్ప నుంచీ వస్తుంది. శాస్త్రం వాళ్ళు బ్లాక్ కార్బన్ అంటారు. ఒక్కో మసి గుండు 20 నుంచి 50 నానోమీటర్లు, అవి ద్రాక్షగుత్తిలా అతుక్కుని తిరుగుతాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే 70,000 నానోమీటర్లు, పోల్చుకోండి.

అందుకే మేడ మీద ఆరేసిన బట్టల మీద పడే నల్ల రేకులు చూసి "చూశావా, ఎంత మసో" అని నాకు చూపించినప్పుడు నవ్వొస్తుంది. రైస్ మిల్లు బాయిలర్‌లో సగం కాలిన ఊక రేకులు అవి. చిరాకు పెడతాయి, కంట్లో పడితే మండుతాయి, కానీ అంత పెద్దవి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగలేవు. దిగేవి మన కంటికి కనపడవు.

అపోహ: మనది ఢిల్లీనా ఏటి? సముద్రం పక్కనే ఉంది, గాలి తోసేస్తాది.

ఇది నాకు రోజూ వినపడే మాట. ముందు ఒక విషయం. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, అంటే ఎన్‌క్యాప్‌లో, దేశం మొత్తం మీద ఇప్పుడు 131 నగరాలు ఉన్నాయి. మన రాష్ట్రం నుంచి 13. ఆ పదమూడులో శ్రీకాకుళం ఉంది, విజయనగరమూ ఉంది. వరసగా ఏళ్ళతరబడి ప్రమాణం దాటిన ఊళ్ళే ఆ లిస్టులో ఎక్కువ, ఊరికే పెట్టలేదు. ఢిల్లీ అంత కాదు, ఒప్పుకుంటాను, కానీ ఢిల్లీని కొలబద్ద చేసుకుంటే ప్రపంచంలో ప్రతి ఊరూ బాగానే కనిపిస్తుంది.

సముద్రం సంగతి సగం నిజం. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి వీస్తుంది, ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగ పలచబడుతుంది. రాత్రికి కథ తిరగబడుతుంది. గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా కదులుతుంది, చలికాలంలో నేల చల్లబడి కింది గాలి మీద మూత పెట్టినట్టు అవుతుంది. ఆ మూత కిందే మన పొయ్యిలు, చలిమంటలు, హైవే మీద రాత్రి లారీలు. మన దేశంలో ఏ ఊళ్ళో మసి కొలిచినా సాధారణంగా రోజుకి రెండు శిఖరాలు కనిపిస్తాయి, పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది మధ్య ఒకటి, చీకటి పడ్డాక ఒకటి. ఇంకో సంగతి, చలికాలంలో ఉత్తరాది నుంచి దిగే గాలి తన పొగ కూడా వెంట తెస్తుంది. 1999లో హిందూ మహాసముద్రం మీద ఇండోఎక్స్ అనే పెద్ద పరిశోధన జరిగింది, నడిసముద్రం మీద కూడా గోధుమరంగు పొగతెర పరుచుకుని ఉందనీ, అందులో మసి ఉందనీ తేలింది. సముద్రం ఒడ్డున ఉన్నాం కదా అనే ధీమా అక్కడితో పోవాలి.

అపోహ: ఫోన్లో ఏక్యూఐ పచ్చగా చూపిస్తోంది, ఇంక టెన్షన్ ఎందుకు?

మన ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, ఎనిమిదింటిని చూస్తుంది: పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉండే రేణువులు), పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మసికి విడిగా గడి లేదు, మన ప్రమాణాల్లో దానికి పరిమితి కూడా లేదు. పీఎం 2.5 బరువులో కలిసిపోతుంది. ఆ పీఎం 2.5కి మన దేశంలో 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఏడాది సగటుకి మనది 40, వాళ్ళది 5. అంటే మన లెక్కలో పాసైన గాలి వాళ్ళ లెక్కలో ఫెయిలే.

60 అంటే ఎంతో తెలుసా? నా ఫిల్టర్ మీద రోజంతటికీ 1.44 మిల్లీగ్రాములు, రెండు మూడు పంచదార పలుకులంత. అంతలో మట్టి ఎంత, మసి ఎంత అన్నది బరువు చెప్పదు. దానికి వేరే పరికరం ఉంది, ఎథలోమీటర్. ఫిల్టర్ టేపు మీద గాలి లాగుతూ దాని మీద కాంతి వేసి, ఎంత నల్లబడి ఎంత కాంతిని మింగేసిందో చూసి మసిని లెక్కకడుతుంది. నేను కంటితో చేసే పనే, కాకపోతే అంకెల్లో చెప్తుంది.

ఇక్కడే నాకు ఒక కడుపుమంట ఉంది. ఢిల్లీలోని సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) అనే పర్యావరణ సంస్థ 2024లో లెక్క తీస్తే ఎన్‌క్యాప్ నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము తగ్గించడానికే ఖర్చయిందని తేలింది. ఊడ్చే మెషీన్లు, నీళ్ళు చల్లే ట్యాంకర్లు. దుమ్ము తగ్గితే పీఎం 10 అంకె తగ్గుతుంది, ఫోటోలు బాగుంటాయి. రోడ్డు ఎంత ఊడ్చినా పొయ్యిలో మసి తగ్గదు.

అపోహ: మసంతా లారీలదీ ఫ్యాక్టరీలదే, మనదేం లేదు.

యూరప్, అమెరికాల్లో మసిలో పెద్ద వాటా డీజిల్‌దే. ఆసియా, ఆఫ్రికాల్లో మాత్రం 60 నుంచి 80 శాతం ఇళ్ళల్లో కట్టెలు, బొగ్గు, పిడకల లాంటివి కాల్చడం వల్లనే అని అంచనా. డీజిల్‌ని నేను వెనకేసుకు రావడం లేదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చేసింది. కానీ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు పొగకి ముక్కు మూసుకునే మనిషే, ఇంటికెళ్ళి స్నానానికి పెరట్లో కొబ్బరి మట్టలతో నీళ్ళు కాగబెట్టుకుంటాడు.

గ్యాస్ లేకనా అంటే కాదు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నవంబరులో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2ని మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే ప్రారంభించారు. సిలిండరు వచ్చింది, కట్టెలపొయ్యి పోలేదు. టీ, కూర గ్యాస్ మీద, అన్నం, నీళ్ళు కట్టెల మీద. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో అయితే జీడిపిక్కల తొక్క కూడా పొయ్యిలోకే పోతుంది. ఆ తొక్కలో నూనె ఉంటుంది, అందుకే అంత నల్లటి, ఘాటైన పొగ. ఒక ఊళ్ళో ఒక పెద్దామె నన్ను అడిగింది, "నలభై ఏళ్ళనుండి ఊదుతున్నాను బాబూ, నాకేటయింది?" అని, అడుగుతూనే రెండుసార్లు దగ్గింది. నేనేం జవాబు చెప్పలేదు.

దూరం కూడా లెక్కే. ఇటుకబట్టీ గొట్టం ఎత్తులో ఉంటుంది, పొగ కొంత చెదిరి మన దగ్గరకొస్తుంది. పొయ్యి మూతికి జానెడు దూరంలో ఉంటుంది. వీధి చివర చెత్తకుప్పకి నిప్పు పెడితే ఆ పొగ నేరుగా కిటికీలోకే. భోగి నాడు టైర్లు వేసేవాళ్ళకి ఒక మాట: టైరు నల్లగా ఉండేదే అందులో కావాలని తయారుచేసి కలిపిన మసి వల్ల, బరువులో దాదాపు పావు వంతు. దాన్ని భోగిమంటలో వేయడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. కర్రలు, పిడకలు చాలవా?

అపోహ: బండి పొగ కనపడట్లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, అంతా ఓకే.

డీజిల్ బండికి ఆ టెస్టు పొగ చిక్కదనాన్ని మాత్రమే చూస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్-6 అనే పొగ ప్రమాణం) డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. డీజిల్‌లో సల్ఫర్ కూడా 50 పీపీఎం (అంటే పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గించారు. ఇది నిజంగా మంచి మార్పు. అయితే పట్టిన మసిని ఆ ఫిల్టరే బాగా వేడెక్కి కాల్చుకోవాలి, దానికి బండి కాసేపు హైవే మీద నిలకడగా నడవాలి. రోజూ ఇంటినుంచి మార్కెట్‌కీ, మార్కెట్ నుంచి ఇంటికీ తిప్పితే జామ్ అయిపోతుంది, డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, తెలిసిన మెకానిక్ దాన్ని పీకేసి "ఇప్పుడు బండి పికప్ చూడండి సార్" అంటాడు. అప్పుడది పాత బండితో సమానం. పాత బండ్లకి చెప్పేది ఒకటే, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, మోయలేనంత లోడు వేసినా మంటకి గాలి చాలదు, గాలి చాలకపోతే మసే.

అపోహ: ఒక వాన పడితే కడిగేస్తాది.

దుమ్ముని కడుగుతుంది, మసిని పెద్దగా కాదు. పెద్ద రేణువులు చినుకుకి గుద్దుకుని పడిపోతాయి. మరీ సన్నవి అటూ ఇటూ ఊగుతూ చినుకుకి తగులుతాయి. మసి గుత్తులు ఈ రెండింటికీ మధ్య సైజు, చినుకు చుట్టూ గాలితో పాటు జారిపోతాయి. పైగా తాజా మసికి నీరు అంటదు. చిన్న వాన మర్నాడు నా ఫిల్టర్ బరువు పడిపోయి, రంగు మాత్రం నల్లగానే ఉండటం చాలాసార్లు చూశాను.

అపోహ: తలుపులు వేసుకుంటే ఇంట్లో గాలి శుభ్రం.

లోపల దోమల చుట్ట వెలుగుతుంటే కాదు. ఒక చుట్ట మొత్తం కాలితే వచ్చే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో కొలిచి రాశారు. ఇంట్లో సిగరెట్ తాగితే ఊరుకోని ఇల్లాళ్ళు మంచం కింద చుట్ట పెట్టి పిల్లల్ని పడుకోబెడతారు. దోమతెర కట్టండి. గ్యాస్ మంట పసుపుగా వస్తూ గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ కన్నాలు శుభ్రం చేయించండి, నీలం మంటకి మసి దాదాపు ఉండదు.

తువాలు మూతికి కట్టుకుంటే మసి ఆగుతుందా అంటే, ఆగదు. ఎన్95 మాస్కు సరిగ్గా బిగిస్తే ఆగుతుంది.

అపోహ: బెల్లం ముక్క తింటే ఊపిరితిత్తుల్లో మసి పోతుంది.

జూట్ మిల్లు కార్మికుల నుంచి బట్టీ కూలీల దాకా అందరూ నమ్మేది ఇది. దీనికి ఒక ఆధారం చూపిస్తారు కూడా, 1994లో లక్నో శాస్త్రవేత్తలు ఎలకల మీద ఒక ప్రయోగం చేశారు, బెల్లం పెట్టిన ఎలకల ఊపిరితిత్తుల్లోంచి దుమ్ము కొంచెం త్వరగా కదిలిందన్నారు. ఎలకలు అవి. బెల్లం ఉంది కదా అని మాస్కు లేకుండా పనిలోకి దిగమని ఆ ప్రయోగం ఎక్కడా చెప్పలేదు. నా సంచిలో కూడా ఎప్పుడూ ఒక అచ్చు ముక్క ఉంటుంది, నాలుగో అంతస్తు ఎక్కాక నీళ్ళతో పాటు నోట్లో వేసుకుంటే హాయిగా ఉంటుంది, అంతకు మించి దాని మీద నేను పెట్టుకున్న ఆశలేం లేవు.