హెడ్‌ఫోన్స్ పాడయ్యాయని తేల్చేసే ముందు: అపోహలు - వాస్తవాలు

వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ రిపేరు నా పని. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటిని విప్పాల్సిన అవసరమే రాదు. లోపం ఒకచోట ఉంటే అనుమానం ఇంకోచోటికి పోతుంది.

అపోహ: మీటింగ్‌లో సౌండ్ డబ్బాలోంచి వచ్చినట్టుంటే హెడ్‌ఫోన్స్ నాసిరకం.

వాస్తవం: పాటలు బాగా వినిపించి, కాల్ మొదలవగానే సౌండ్ పాడైతే హెడ్‌ఫోన్స్‌ను తప్పుపట్టకండి. మామూలు బ్లూటూత్‌లో పాటలకు ఒక పద్ధతి, మాటలకు ఇంకో పద్ధతి. పాటల పద్ధతిలో స్టీరియో వస్తుంది కానీ మైకు ఉండదు. మైకు ఆన్ కాగానే ల్యాప్‌టాప్ రెండో పద్ధతికి మారుతుంది. అక్కడ మోనోనే, అంటే రెండు చెవుల్లోనూ ఒకే సౌండ్, అదీ సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో (సెకనుకు సౌండ్‌ను అన్ని వేలసార్లు కొలవడం). సీడీ నాణ్యత 44.1 కిలోహెర్ట్జ్, తేడా మీకే తెలుస్తుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ మైకును, అవుట్‌పుట్‌గా హెడ్‌ఫోన్స్‌ను పెట్టండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఇది తెలియక మంచి జతను పక్కన పడేసి కొత్తది కొన్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: ఒకవైపు సౌండ్ తగ్గిందంటే స్పీకర్ పోయినట్టే.

వాస్తవం: ముందు స్పీకర్ మీది జాలీ చూడండి. చెవి గుబిలి పేరుకుని ఉంటుంది. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. పిన్నుతో మాత్రం పొడవద్దు, బాగున్న స్పీకర్ అప్పుడే పోతుంది. అయినా తగ్గే ఉంటే ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్ ఒకవైపుకి జరిగిందేమో చూడండి.

ఇయర్‌బడ్స్‌లో ఒక బడ్ ఛార్జ్ కాకపోతే కేసులోని పిన్నులు, బడ్ మీది లోహపు చుక్కలు పొడి దూదితో తుడవండి. చెమట మరకలే కారణం కావచ్చు.

అపోహ: ఫోన్ జేబులోనే ఉంది కదా, సౌండ్ తెగడం హెడ్‌ఫోన్ లోపమే.

వాస్తవం: బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. ఆ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, మన ఒంట్లో ఎక్కువగా ఉన్నది నీరే. వెనక జేబులోని ఫోన్‌కీ చెవికీ మధ్య ఒళ్లే అడ్డుగోడ. ఫోన్‌ను పై జేబులోకి మార్చి చూడండి. వైఫై కూడా ఇదే బ్యాండ్‌లో (తరంగాల శ్రేణిలో) ఉంటే రద్దీ పెరుగుతుంది కాబట్టి రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ వాడండి. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఆనించి ఉంటే కాస్త దూరం జరపండి, దాని నుంచి ఇదే బ్యాండ్‌లో రేడియో రొద వెలువడుతుంది.

అపోహ: గేమ్‌లో తుపాకీ పేలాక చప్పుడు ఆలస్యంగా వస్తే రిపేరు చేయించాలి.

వాస్తవం: బ్లూటూత్‌లో కొంత ఆలస్యం సహజం. వీడియో యాప్‌లు బొమ్మనూ అంతే ఆపి సరిచేస్తాయి. గేమ్‌లో అలా ఆపడం కుదరదు. ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఉంటే పెట్టండి, లేదంటే వైరే మేలు.

ఇక పూర్తిగా ఛార్జ్ అయినా, మునుపటి సమయంలో సగం కూడా రాకపోతే అది బ్యాటరీ వయసు. దానికి సెట్టింగుల్లో మందు లేదు. కేసు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే వాడకం ఆపి, ఛార్జింగ్‌కు పెట్టకుండా పక్కన ఉంచండి.